పనిమనిషి కోసం వెళ్తే ముందు నన్నే ఇంటర్వ్యూ చేశారు

మాది విశాఖలో ఎం.వి.పి. కాలనీ, ఇద్దరం ఉద్యోగాలకు వెళ్తాం. పనిమనిషి నాగా పెట్టిన రోజు ఇల్లు ఎలా ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు. కిందటేడు ఒక ఏజెన్సీ ద్వారా మనిషిని కుదుర్చుకుని చేతులు కాల్చుకున్నాం, పేరు వద్దులెండి. మా దగ్గర ఒక నెల జీతం కమిషన్, ఆ అమ్మాయి మొదటి జీతంలో సగం, పైగా ఆమె అసలు ఆధార్ కార్డు కూడా వాళ్ళ దగ్గరే. నలభై రోజులకి ఆమె మానేసింది. ఫోన్ చేస్తే "ఇంకొకర్ని పంపిస్తాం మేడం" అన్నారు, పగిలిన మిక్సీ జార్ మార్చి ఇస్తామన్నట్టు.

ఈసారి ఆరిలోవ వైపు ఇంటిపని చేసే ఆడవాళ్ళు తమకు తాము నడుపుకునే సంఘానికి వెళ్ళాను. ఆఫీసు అంటే ఏదో ఊహించుకోకండి, రేకుల షెడ్డు, నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు, గోడకి అప్పన్న స్వామి క్యాలెండరు. "నమ్మకమైన మనిషి కావాలండీ" అనగానే అక్కడున్న పెద్దావిడ లాంగ్ నోట్‌బుక్ తెరిచింది. ఇంట్లో ఎంతమంది? అంట్లు ఒక పూటా, రెండు పూటలా? బట్టలు మిషనా, చేత్తోనా? ఎన్నో అంతస్తు, లిఫ్ట్ ఎక్కనిస్తారా? బాత్రూమ్ ఏది వాడమంటారు? చివరి రెండింటికి నా దగ్గర జవాబు లేదు. మా లిఫ్ట్ పక్కన "పనివారు మెట్లు వాడవలెను" అని కాగితం నాలుగేళ్ళుగా ఉంది, మాది ఐదో అంతస్తు, రోజూ చూస్తూనే ఎక్కుతున్నాను.

తర్వాత ఒక పేజీ ఒప్పందం రాసి రెండు కాపీలు చేశారు. ఐదో తారీకులోపు జీతం, నెలకి నాలుగు సెలవులు, మేము ఊరెళ్ళిన రోజులకి కోత లేదు, మానిపించాలన్నా మానేయాలన్నా పదిహేను రోజుల ముందు చెప్పాలి. చుట్టాలు మూడు రోజులు దాటి ఉంటే రోజుకింతని అదనం. బయట రేటు కన్నా జీతం ఎనిమిది వందలు ఎక్కువే పడింది. బేరం ఆడబోతే ఆవిడ 2007లోనే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఇంటిపనిని కనీస వేతనాల షెడ్యూల్లో చేర్చారని, 2013లో వచ్చిన లైంగిక వేధింపుల నిరోధక చట్టం ప్రకారం మనిల్లు కూడా పనిచేసే చోటేనని చల్లగా చెప్పింది. ప్రతి జూన్ 16న వీళ్ళు మీటింగ్ పెట్టుకుంటారట. 2011లో ఆ రోజునే అంతర్జాతీయ కార్మిక సంస్థ ఇంటిపనివాళ్ళ కోసం 189వ ఒప్పందాన్ని ఆమోదించింది, మన దేశం అక్కడ ఓటు వేసి వచ్చింది కానీ ఇక్కడ దాన్ని ఇంకా ఖరారు చేయలేదు. నేను డిగ్రీ చదివాను, ఇందులో ఒక్కటీ నాకు తెలీదు.

సంక్రాంతికి మా ఆడపడుచు వాళ్ళు ఆరు రోజులున్నారు. నాలుగో రోజు సంఘం పంపిన మనిషి అంట్లన్నీ తోమేసి, చెయ్యి తుడుచుకుంటూ "అమ్మగారూ, ఒకసారి కాగితం చూసుకోండి" అంది. మా అత్తగారికి చిర్రెత్తింది, పండక్కి చీర పెడుతున్నాం కదా, ఇదేం చోద్యం అని. సంఘానికి ఫోన్ చేశాను. పెద్దావిడ తాపీగా "సీర మీ ఇష్టం తల్లీ, పెట్టకపోయినా ఏటీ అనుకోం. కూలి మాత్రం లెక్కే" అంది. ఇచ్చాం. చీరా పెట్టాం, అది వేరే సంగతి.

లిఫ్ట్ సంగతికొస్తే, నేను అసోసియేషన్‌లో రెండుసార్లు అడిగితే "చూద్దాం మేడం" అన్నారు. ఓ సోమవారం మా బ్లాకులో చేసే ఏడుగురూ పొద్దున్నే సెక్రటరీ గారి గుమ్మం ముందు నిలబడ్డారు. ఎవరూ అరవలేదు, మెట్లు మాత్రం ఎక్కలేదు. ఏడు ఇళ్ళలో రాత్రి అంట్లు సింకులో ఉన్నాయి, పిల్లల స్కూల్ బస్సుల టైం. ఎనిమిదిన్నరకల్లా కాగితం పోయింది. జిగురు మరక ఇంకా ఉంది.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. పొద్దున్న ఏడు నుంచి పన్నెండు వరకు ఫోన్ ఎత్తరు, ఎత్తేవాళ్ళే ఎవరింట్లోనో అంట్లు తోముతూ ఉంటారు కాబట్టి ఎలా ఎత్తుతారు. మనిషికి జ్వరమొస్తే ఆ పూటకే ఇంకొకర్ని పంపడం కుదరదన్నారు. నాకు మనిషి దొరకడానికి మూడు వారాలు పట్టింది, ఆ మూడు వారాలూ నేనూ మా ఆయనా అంట్ల దగ్గర పోట్లాడుకున్నాం. కానీ మా దగ్గర తీసుకున్నది 200 రూపాయలే, రసీదు కూడా ఇచ్చారు. ఆమె జీతంలో పైసా ముట్టుకోలేదు, అసంఘటిత కార్మికులకు కేంద్రం ఇచ్చే ఈ-శ్రమ్ కార్డు లేదంటే అక్కడే ఒక సభ్యురాలి కూతురు ఫోన్లో నమోదు చేసిపెట్టింది. తొమ్మిది నెలలైంది, చెప్పకుండా ఒక్క నాగా లేదు.

ఐదుకి నాలుగున్నర స్టార్లు, ఆ అర స్టారు ఫోన్ వల్ల కోశాను. వెళ్ళేవాళ్ళు ఆదివారం సాయంత్రం నాలుగు దాటాక వెళ్ళండి, హనుమంతవాక నుంచి షేర్ ఆటోలుంటాయి. బాత్రూమ్ ప్రశ్నకి జవాబేంటో ముందే ఇంట్లో మాట్లాడుకుని వెళ్ళండి.