శ్రుతి పెట్టెతో ఆరేళ్లు: పూజ పాడటం నేర్పేవారికి

కావలి దగ్గరి మా కతోలిక విచారణలో (పారిష్‌లో) పూజకు పాడే గాయక బృందానికి పాటలు నేర్పుతుంటాను. ఆరేళ్ల క్రితం ఎలక్ట్రానిక్ శ్రుతి పెట్టె ఒకటి కొన్నాను. పాటల కోసం కాదు, వాటికి కీబోర్డు ఉంది. కొన్నది ఫాదర్ గారి కోసం.

మా దగ్గర పాటలు ఘనంగా పాడతాం. పూజ నడిపే గురువు (ఫాదర్), ప్రజలు ఒకరికొకరు చెప్పుకునే మాటలు మాత్రం చదివేస్తాం. పూజలో సంగీతం గురించి 1967లో రోమ్ వెలువరించిన 'మూసికాం సాక్రం' అనే నిర్దేశ పత్రం చెప్పే వరుస వేరు. ముందు గురువు అభివాదం, ప్రజల జవాబు, పరిశుద్ధ గీతం, దానికి ముందుండే సంభాషణ, పరలోక జపం పాడాలి. కైరీ ('ప్రభువా, దయచూపుము'), గ్లోరియా (మహిమ గీతం) ఆ తర్వాత, రెండో మెట్టు. ప్రవేశ గీతం, సత్ప్రసాద గీతం మూడో మెట్టు. మొదటి మెట్టు వదిలేసి మూడో మెట్టు మీద నిలబడ్డామని తెలిసిన రోజు నాకు నిద్ర పట్టలేదు.

అసలు ఇబ్బంది శ్రుతిది. ఫాదర్ ఒక స్థాయిలో ఎత్తుకునేవారు, జనం మరో స్థాయిలో అందుకునేవారు, కీబోర్డు అబ్బాయి ఈ రెంటి మధ్య వెతుక్కునేవాడు. ఇప్పుడు పెట్టె బలిపీఠం పక్కన సన్నగా మోగుతుంటుంది. రెండో శ్రుతి మగవారికీ ఆడవారికీ సరిపోయింది. మొదటి మూడు వారాలు 'ఆమెన్' ఒక్కటే పాడించాను. "నాకు గొంతు లేదండీ" అన్న ఫాదర్ గారికి చెప్పాను: ఇది పాట కాదు, చాలా భాగం ఒకే స్వరం మీద నడుస్తుంది, వాక్యం ముగిసే చోటే కాస్త కదులుతుంది. నెల తిరిగేసరికి ఆయన పాడారు. బదిలీల వల్ల ఈ ఆరేళ్లలో ముగ్గురు ఫాదర్లకు మొదటి నుంచి నేర్పాను. ముగ్గురూ పాడారు.

కొనేవారు తంబురా మోత ఉన్నది తీసుకోకండి. ఆ మీటుకు పిల్లలు తాళం వేస్తారు. మేం పాడించే గ్రెగోరియన్ గానానికి, అంటే రోమ్ సభ పాతకాలపు ప్రార్థన గానానికి, తాళం లేదు, మాట నడకే దాని నడక. ఆగకుండా మోగేదే మేలు. పంచమం, మధ్యమం మార్చుకునే మీట తప్పనిసరి. ఎందుకో పవిత్ర గురువారం తెలిసింది. ఆ రాత్రి పాడే లాటిన్ కీర్తన 'పాంజె లింగువా' మూడో మోడ్‌లో (ఆ గానపు స్వరక్రమాల్లో ఒకటి) ఉంటుంది, స్వరాలు లెక్క వేస్తే మన తోడి రాగానివే. పంచమం మోగుతుండగా పక్కనే ఉన్న శుద్ధ ధైవతం మీద నిలబడాలి. శిక్షణ లేని గొంతులు పంచమంలోకి జారిపోయాయి. మధ్యమానికి మార్చాక నిలిచాయి. ఇక్కడ ఒకప్పుడు పనిచేసిన మిల్ హిల్ మిషనరీ గురువుల కాలం నాటి పెద్దలకు దాని చివరి రెండు చరణాలు, అంటే 'తాంతుం ఎర్గో', ఇంకా నోటికి వచ్చు. బృందానికి వాళ్లే దారి చూపారు.

పాస్కా జాగరణలో, అంటే ఈస్టరు ముందు రాత్రి పూజలో, ఈ పెట్టె చేసిన మేలు మరువలేను. ఫాదర్ కొవ్వొత్తితో చీకటి గుడిలోకి వస్తూ 'క్రీస్తు జ్యోతి' అని మూడుసార్లు, ప్రతిసారీ కొంచెం పైస్థాయిలో పాడాలి. ఒకటి, రెండు, మూడు శ్రుతుల దగ్గర తలా ఒక మైనం చుక్క అంటించాను. చీకట్లో వేలికి తగులుతుంది.

లోపాలు లేకపోలేదు. ఉప్పు గాలికి శబ్దం పెంచే మీట గరగరలాడుతోంది, రెండుసార్లు బాగు చేయించాను. బ్యాటరీ అయిపోవస్తుంటే శ్రుతి మెల్లగా దిగుతుంది. జనమూ దానితోపాటే దిగుతారు, ఎవరికీ తెలియదు. పెద్ద పండుగలకు కొత్త బ్యాటరీలు వేయండి. మ్రానికొమ్మల ఆదివారం ఊరేగింపులో దీని శబ్దం ఎంతమాత్రం చాలదు. ఫోనులోనూ శ్రుతి వస్తుంది కానీ, పూజ మధ్యలో కాల్ వస్తే అంతా చెదిరిపోతుంది.

నిరుడు రెండోది కొన్నాం. అది పల్లెల్లో ప్రార్థనలు నేర్పే ఉపదేశి గారి సంచిలో ఉంటుంది. కీబోర్డు లేని పల్లెల గుళ్లకు సాయంత్రాలు సైకిలు మీద తీసుకెళ్తారు.