ఎక్స్‌ప్రెస్ ఎంతవరకు లాగుతుంది?

విజయవాడలో ఒక మందుల హోల్‌సేల్ షాపుకి 2017లో బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ రాసిచ్చాను. డేటాబేస్ మైక్రోసాఫ్ట్ వాళ్ల ఎస్‌క్యూఎల్ సర్వర్ 2016, అందులో ఊరికే ఇచ్చే ఎక్స్‌ప్రెస్ ఎడిషన్, సర్వీస్ ప్యాక్ 1 అనే అప్‌డేట్‌తో. డబ్బులు కట్టక్కర్లేదు కాబట్టి పెట్టాను, అంతకు మించి ఆలోచించలేదు.

ఎక్స్‌ప్రెస్ అనగానే అందరూ భయపడేది డేటాబేస్ సైజుకి ఉన్న 10 జీబీ హద్దు గురించే. మాకూ తగిలింది. 2022 మార్చి నెలాఖరు, సాయంత్రం ఏడింటికి ఓనరు గారి ఫోను: "బాబూ, బిల్లు సేవ్ కావట్లేదు." చూస్తే 1827 ఎర్రర్, 10240 ఎంబీ దాటిందని. తప్పు నాదే. సప్లయర్ల బిల్లులు స్కాన్ చేసి ఆ బొమ్మల్ని టేబుల్లోనే దాచాను. వాటిని ఫోల్డర్లోకి మార్చి, పాత బిల్లుల టేబుళ్లకి పేజ్ కంప్రెషన్ (డేటాని నొక్కి తక్కువ జాగాలో దాచడం) పెట్టి, ఫైలు కుదించేసరికి సైజు సగానికి దిగింది. సర్వీస్ ప్యాక్ 1కి ముందు ఈ కంప్రెషన్ ఖరీదైన ఎంటర్‌ప్రైజ్ ఎడిషన్‌లోనే ఉండేది. డేటాలో జరిగే మార్పులు రాసుకునే లాగ్ ఫైలు ఈ 10 జీబీ లెక్కలోకి రాదు, చాలామంది అదీ కలిపి లెక్కేసుకుని కంగారు పడతారు.

నన్ను నిజంగా ఏడిపించింది వేరే. ఎక్స్‌ప్రెస్‌లో ఏజెంట్ (టైముకి పనులు వాటంతటవే నడిపే భాగం) ఉండదు, అంటే రాత్రి బ్యాకప్ దానంతటది తీసుకోదు. బ్యాచ్ ఫైల్లో బ్యాకప్ తీసే ఎస్‌క్యూఎల్‌సీఎండీ కమాండ్ రాసి విండోస్ టాస్క్ షెడ్యూలర్‌కి అప్పగించాను. ఓనరు గారి అబ్బాయి ఒకరోజు కంప్యూటర్ పాస్‌వర్డ్ మార్చాడు. టాస్క్ పాత పాస్‌వర్డ్‌తోనే ప్రయత్నించి ఆగిపోతోంది. బిల్లింగ్ మామూలుగా నడుస్తుంటే ఎవరికి అనుమానం వస్తుంది? వేరే పనిమీద వెళ్లి బ్యాకప్ ఫోల్డర్ తెరిచాను. చివరి ఫైలు నాలుగు నెలల కిందటిది. ఆ రోజు హార్డ్‌డిస్క్ పోయి ఉంటే, తలుచుకుంటే ఇప్పటికీ టెన్షనే.

ఇంకోటి మెమరీ. స్టాకు రిపోర్టు నెమ్మదిగా వస్తోందని ఓనరు గారు నన్ను అడక్కుండానే ర్యామ్ 8 నుంచి 16 జీబీ చేయించారు. రిపోర్టు ఒక్క సెకను కూడా ముందుకు రాలేదు. డేటాని మెమరీలో పెట్టుకోడానికి ఎక్స్‌ప్రెస్ వాడుకునేది 1410 ఎంబీయే, మిగతా ర్యామ్ ఖాళీగా కూర్చుంటుంది.

2023లో డబ్బు కట్టి కొనే స్టాండర్డ్ ఎడిషన్‌కి మారాం, 2019 వెర్షన్. ప్రాసెసర్ కోర్ల లెక్కన కొంటే కనీసం నాలుగు కోర్లకి కట్టాలి. మావి ఎనిమిది కంప్యూటర్లే కాబట్టి సర్వర్ లైసెన్సు, ఎనిమిది క్యాల్‌లు (సర్వర్‌ని వాడే ఒక్కో కంప్యూటర్‌కి ఒక లైసెన్సు) తీసుకోవడమే చవక అయింది. ఎంటర్‌ప్రైజ్ గురించి ఆలోచించే అవసరమే రాలేదు. 2019 స్టాండర్డే 128 జీబీ మెమరీ వాడుకోగలదు, ఈ షాపుకి అందులో పదోవంతు చాలు.

డెవలపర్ ఎడిషన్ ఊరికే వస్తుంది, ఫీచర్లన్నీ ఎంటర్‌ప్రైజ్‌వే, దాన్నే షాపులో వేసేయమని సలహా ఇచ్చినవాళ్లున్నారు. దాన్ని వ్యాపారం నడిపే చోట వాడనే కూడదు. నా లాప్‌టాప్‌లో ఉంది, 2022ది. దానితోనూ ఒకసారి ఇబ్బంది పడ్డాను. షాపు డేటా నా దగ్గర సరిచేసి, బ్యాకప్ తీసి అక్కడ ఎక్కిద్దామంటే ఎక్కనంది. నా 2022 లోపల 16 వెర్షన్, షాపు 2019 అంటే 15; 16 వెర్షన్ బ్యాకప్ 15లోకి దిగదు, కంపాటిబిలిటీ లెవెల్ (పాత వెర్షన్‌లా నడవమనే సెట్టింగు) తగ్గించినా సరే. మార్పులన్నీ స్క్రిప్టులుగా రాసుకుని షాపులో మళ్లీ చేశాను.

2019 వెర్షన్లో యూటీఎఫ్-8 (అక్షరాలు దాచే ఒక పద్ధతి) వచ్చింది కదా, జాగా కలిసొస్తుందని కస్టమర్ల తెలుగు పేర్లు అందులోకి మార్చబోయి ఆగాను. తెలుగు అక్షరానికి అందులో మూడు బైట్లు, ఎన్‌వార్‌చార్ అనే మామూలు పద్ధతిలో రెండే. ఇంగ్లీషుకి లాభం, మనకి నష్టం.

2025 ఎక్స్‌ప్రెస్‌లో హద్దు 50 జీబీకి పెంచారు. ఏజెంట్ మాత్రం ఇంకా లేదు. గుంటూరులో కొత్త షాపుకి దాన్నే వేశాను. బ్యాకప్ టాస్క్ మొదటి రోజే పెట్టి, మర్నాడు పొద్దున్నే ఫోన్ చేసి ఫైలు వచ్చిందో లేదో కనుక్కున్నాను.