కొత్త పుస్తకానికి ముందే డబ్బు కట్టాలా, రచయిత సభకు వెళ్లి కొనాలా?

పోయిన నెల ఒకే చిన్న ప్రచురణ సంస్థ నుంచి ఒకే రోజు నాకు రెండు కబుర్లు వచ్చాయి. ఇంకా అచ్చుకు వెళ్లని ఓ నవలకు ముందస్తు ఆర్డర్లు తీసుకుంటున్నామన్నది ఒకటి. ఈమధ్యే వచ్చిన ఓ కథల సంపుటి రచయిత్రితో శనివారం సాయంత్రం చిన్న సభ ఉంది, రమ్మన్నది రెండోది. ఆ నెల పుస్తకాలకని నా దగ్గర మిగిలిన డబ్బు ఒక్కదానికే సరిపోతుంది. ఎటు పెట్టాలో తేలక చాలాసేపు ఆలోచించాను.

పెద్ద సంస్థ వేసిన పుస్తకమైతే ఇంత ఆలోచన అక్కర్లేదు. ఎక్కడ కొన్నా ఒకటే. చిన్న సంస్థ పుస్తకం సంగతి అలా కాదు. మనం ఎప్పుడు కొన్నాం, ఎవరి చేతికి డబ్బు ఇచ్చాం అన్నదాన్ని బట్టి ఆ సంస్థ తర్వాతి పుస్తకం వేయగలదా లేదా అన్నది కూడా తేలుతుంది. అందుకే ఈ రెండు దారుల్లో ఏది ఎప్పుడు మేలో కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు అచ్చు లెక్క చూద్దాం. ఆఫ్‌సెట్ ప్రింటింగ్‌లో మొదటి కాపీ బయటికి వచ్చేలోపే చాలా ఖర్చు అయిపోతుంది. పేజీలను అచ్చేసే ప్లేట్లు చేయించాలి, మెషీన్ సెట్ చేయాలి, రంగు కుదిరేదాకా కొంత కాగితం పాడవుతుంది. 300 కాపీలు వేసినా 3000 వేసినా ఈ ఖర్చు దాదాపు అంతే. కాపీలు పెరిగేకొద్దీ ఒక్కో కాపీ చవకవుతుంది. చిన్న పబ్లిషర్‌కి నిద్రపట్టనివ్వనిది ఈ లెక్కే. వెయ్యి వేస్తే కాపీ చవకే గానీ, సగం అమ్ముడుపోకపోతే ఆ డబ్బంతా అట్టపెట్టెల్లో మూలుగుతుంది. ఐదొందలు వేస్తే భయం ఉండదు, కానీ ముఖవెల పెంచక తప్పదు. పెంచితే కొత్త రచయితను కొనేవాళ్లు తగ్గుతారు. ఈ తర్జనభర్జనలో ఉన్నప్పుడు ఓ నూటయాభై మంది ముందే డబ్బు కట్టారంటే, చీకట్లో తడుముకుంటున్న మనిషికి దీపం ఇచ్చినట్టే.

దుకాణం ద్వారా అమ్మితే డబ్బు వేరే దారిలో వస్తుంది. చాలా దేశాల్లో పుస్తకాల దుకాణం, పంపిణీదారు కలిసి ముఖవెలలో 40 నుంచి 50 శాతం దాకా, ఒక్కోచోట అంతకంటే ఎక్కువే తీసుకుంటారు. అది అన్యాయమని నేను అనను. వాళ్లకీ అద్దెలు, జీతాలు ఉంటాయి. కానీ పబ్లిషర్ వాటా చేతికి రావడానికి నెలలు పడుతుంది, అమ్ముడుపోని కాపీలు తిరిగొస్తాయి. ఇలా వెనక్కి పంపే పద్ధతి అమెరికాలో 1930లలో, ఆర్థిక మాంద్యం రోజుల్లో ఊపందుకుంది. దుకాణాలు భయపడకుండా కొత్త పుస్తకాలు పెట్టుకోవాలని చేసిన ఏర్పాటు అది. దుకాణానికి భరోసా దొరికింది, భారం మాత్రం పబ్లిషర్ మీద పడింది. రచయిత రాయల్టీ, అచ్చు ఖర్చు, ఎడిటింగ్, ప్రూఫులు, కవర్ డిజైన్ అన్నీ మిగిలిన సగంలోంచే రావాలి. అదే మనం నేరుగా సంస్థకు డబ్బు పంపితే, పోస్టు ఖర్చు పోను మిగతాదంతా వాళ్లకే అందుతుంది. పైగా ప్రింటర్ బిల్లు కట్టాల్సిన సమయానికి అందుతుంది. ముందస్తు ఆర్డర్‌లోని అసలు విలువ ఇదేనని నా నమ్మకం. పుస్తకం వచ్చాక ఇచ్చే డబ్బు కంటే రాకముందు ఇచ్చే డబ్బుకు బలం ఎక్కువ.

ఇది ఇవాళ్టి ఉపాయం కాదు. 1917లో ఇంగ్లీషు రచయిత్రి వర్జీనియా వుల్ఫ్, ఆమె భర్త లెనార్డ్ వుల్ఫ్ ఇంట్లోనే చేత్తో నడిపే ప్రెస్ పెట్టుకుని హోగార్త్ ప్రెస్ అనే ప్రచురణ సంస్థ మొదలుపెట్టారు. మొదటి పుస్తకం 150 కాపీలు వేశారు. ఆ తర్వాత కొన్నాళ్లపాటు చందాదారులను ఏ, బి అని రెండు రకాలుగా పెట్టుకున్నారు. ఏ రకం వాళ్లు కొంత డబ్బు ముందే జమ చేస్తే సంస్థ వేసిన ప్రతి పుస్తకం ఇంటికి చేరేది. బి రకం వాళ్లకు కొత్త పుస్తకం కబురు అందేది, కావాలంటే కొనుక్కునేవాళ్లు. నా ముందున్న రెండు కబుర్లూ ఇంచుమించు అవే కదా అనిపించింది. మన కాలానికి వస్తే, 2009లో ఇంగ్లండ్‌లో మొదలైన 'అండ్ అదర్ స్టోరీస్' అనే చిన్న ప్రచురణ సంస్థ చందాదారులను వెన్నుదన్నుగా పెట్టుకుని నడుస్తోంది. వాళ్ల పేర్లు పుస్తకం చివర అచ్చు వేస్తుంది. బాను ముష్తాక్ కన్నడ కథలను దీపా భాస్తి ఇంగ్లీషులోకి అనువదిస్తే, ఆ సంపుటిని బ్రిటన్‌లో తెచ్చింది ఈ సంస్థే. 2025లో దానికి ఇంటర్నేషనల్ బుకర్ వచ్చింది. కథల సంపుటికి ఆ బహుమతి దక్కడం అదే మొదటిసారి. బహుమతి వచ్చాక కొనేవాళ్లకు కొదవ ఉండదు. ఎవరికీ పెద్దగా తెలియని కథలను అనువదించి వేద్దాం అనే ధైర్యం మాత్రం ముందే నమ్మి డబ్బు కట్టేవాళ్ల వల్ల వస్తుంది.

ముందస్తు ఆర్డర్‌లో చిక్కులు లేవా అంటే ఉన్నాయి. రెండేళ్ల కిందట వేరే సంస్థకు ఓ అనువాద నవల కోసం డబ్బు కట్టాను. చెప్పిన తేదీ దాటి నాలుగు నెలలైనా పుస్తకం రాలేదు. ఆలస్యాన్ని నేను పట్టించుకోను, చిన్న సంస్థల్లో ఇద్దరు ముగ్గురే అన్ని పనులూ చూసుకుంటారు. కానీ ఆ నాలుగు నెలల్లో ఒక్క కబురూ లేదు, రెండు మెయిళ్లకు జవాబు లేదు. డబ్బు పోయిందేమోనన్న టెన్షన్ కంటే, నమ్మి ఇచ్చినందుకు పలకరింపైనా లేదే అన్న బాధే ఎక్కువ. చివరికి పుస్తకం వచ్చింది. చదువుతూ 112వ పేజీ తిప్పితే మళ్లీ 97 కనబడింది. ఒకే కాగితం మీద అచ్చేసి మడిచే 16 పేజీల కట్టను ఫారం అంటారు; అలాంటి ఓ ఫారాన్ని రెండుసార్లు కుట్టేశారు, దాని తర్వాతి ఫారం అసలు లేదు. కథలో తల్లీకూతుళ్లు పదేళ్ల తర్వాత కలుసుకునే ఘట్టం ఆ లేని పేజీల్లో ఉంది. ఫొటో తీసి పంపితే మంచి కాపీ పంపారు, అది ఒప్పుకోవాలి. దుకాణంలోనో సభలోనో అయితే కొనేముందే తిరగేసి చూసుకుంటాం. అప్పట్నుంచి పుస్తకం ఇంటికి రాగానే ముందు పేజీల నంబర్లు చూసుకోవడం నాకు అలవాటైపోయింది.

ఇంకో ఇబ్బంది, కొనేది చూడకుండా కొంటాం. సంస్థ రాసిన నాలుగు వాక్యాల పరిచయం, కవర్ బొమ్మ తప్ప మన చేతిలో ఏమీ ఉండదు. మొదటి అధ్యాయం చదవడానికి ఇచ్చే సంస్థలున్నాయి. ఇవ్వకపోతే అడగండి, చాలామంది సంతోషంగా పంపుతారు.

ఇక సభ. నేను ఆ శనివారం సభకే వెళ్లాను. ఆ రచయిత్రిని అంతకుముందు చదవలేదు, అందుకే. గదిలో ముప్పై కుర్చీలు ఉంటాయేమో. ఆవిడ ముందుమాటలేమీ చెప్పకుండా నేరుగా కథ మొదలుపెట్టారు. నేను రెండో వరుసలో ఉన్నాను కాబట్టి ఆవిడ చేతిలోని పుస్తకం కనబడుతోంది. అంచుల నిండా పెన్సిల్ గీతలు. ఒకచోట రెండు వాక్యాలు అడ్డంగా కొట్టేసి ఉన్నాయి. చదివేటప్పుడు ఆ రెండూ వదిలేసి ముందుకు వెళ్లారు. నా కాపీ మీద సంతకం చేయించుకునేటప్పుడు ఆగలేక అడిగేశాను.

"ఆ రెండు వాక్యాలు ఎందుకు వదిలేశారండీ?"

ఆవిడ పెన్ను ఆపి, నా కాపీలో ఆ పేజీ తీశారు. "పైకి చదువుతుంటే అవి అక్కర్లేదని తెలిసిందండీ. అప్పటికే అచ్చయిపోయింది. రెండో ముద్రణ వస్తే తీసేస్తాను." అని, ఆ రెండు వాక్యాల పక్కన పెన్నుతోనే సన్నటి గీత పెట్టి ఇచ్చారు.

ఇంటికొచ్చి ఆ పేజీని వాక్యాలతో ఒకసారి, అవి లేకుండా ఒకసారి చదివాను. ఆవిడ చెప్పింది నిజమే. కథ ఎక్కడ ఆగాలో ఎలా తెలుస్తుందన్నది ఆ గీత దగ్గర నాకు అర్థమైంది. ఏ పార్సిల్‌లోనూ ఇది రాదు. ఇంగ్లీషు నవలాకారుడు చార్లెస్ డికెన్స్ 1858 నుంచి టికెట్లు పెట్టి తన రచనలను జనం ముందు చదివేవాడు. ఆ చదువుడు కాపీల్లోనూ కొట్టివేతలు, కింద గీతలు, గొంతు ఎక్కడ మార్చాలో అంచున సూచనలు ఉన్నాయి. పైకి చదవడం రచయితకు తన రాతను ఇంకోసారి దిద్దుకునే అవకాశమని సభలో కూర్చుంటే తెలుస్తుంది.

ఒక్కోసారి సభే పుస్తకాన్ని పుట్టిస్తుంది. 1955 అక్టోబర్ 7న శాన్‌ఫ్రాన్సిస్కోలో సిక్స్ గ్యాలరీ అనే చోట కొందరు యువకవులు కవితలు చదివారు. అలెన్ గిన్స్‌బర్గ్ 'హౌల్' కవితను జనంలో మొదటిసారి చదివింది అక్కడే. వింటున్నవాళ్లలో సిటీ లైట్స్ అనే చిన్న సంస్థ నడుపుతున్న లారెన్స్ ఫెర్లింగెట్టి ఉన్నాడు. మరుసటి ఏడాదికల్లా ఆ కవితను పుస్తకంగా తెచ్చాడు.

అన్ని సభలూ ఇలా ఉండవు. నలుగురు వక్తలు గంటన్నర మాట్లాడి, రచయితకు చివర్లో ఐదు నిమిషాలు మిగిల్చే సభలకు నేను వెళ్లను. వాటికంటే పుస్తకం కొనుక్కుని ఇంట్లో చదువుకోవడం మేలు. ఆహ్వానంలో 'రచయిత చదువుతారు' అన్న మాట ఉందా లేదా చూస్తాను. ఆన్‌లైన్ సభలు దూరంగా ఉన్నవాళ్లకు వరమే, కాకపోతే అవి అయ్యాక పుస్తకం కొనడం చాలామంది మర్చిపోతారు.

సంస్థ వైపు నుంచి చూస్తే సభ లాభసాటి పని కాదు. హాలు, రచయిత ప్రయాణం, బస అన్నీ పెట్టుకోవాలి. పది పదిహేను కాపీలు అమ్మితే ఆ ఖర్చులు గట్టెక్కవు. దుకాణంలో పెట్టిన సభ అయితే అమ్మినదాంట్లో వాళ్ల వాటా కూడా పోతుంది. వెళ్లి విని, చప్పట్లు కొట్టి, ఫోన్‌లో తర్వాత చవకగా కొందాంలే అనుకుని వచ్చేస్తే ఆ సాయంత్రం ఖర్చంతా వాళ్ల నెత్తిన వేసినట్టే. సభకు వెళ్తే అక్కడి బల్ల మీదే కొనండి.

పెద్ద ఆన్‌లైన్ దుకాణం ఉండనే ఉంది. పాత పుస్తకాలకు నేనూ వాడతాను. చిన్న సంస్థ కొత్త పుస్తకానికి, అందులోనూ మొదటి నెలలో, మాత్రం వద్దనే చెబుతాను. డబ్బుకు ఇబ్బందిగా ఉంటే దగ్గర్లోని గ్రంథాలయంలో ఆ పుస్తకం తెప్పించమని రాసివ్వండి. ఒక్క కాపీని పదిమంది చదువుతారు.

మరి ఏది మేలు? కవిత్వమైతే సందేహం లేకుండా సభ. గొంతు విన్నాక అచ్చులో ఆ పంక్తులు వేరేగా పలుకుతాయి. మొదటి పుస్తకం రాసిన, మీరెప్పుడూ చదవని రచయితైనా సభే. అనువాదాలకు మాత్రం నేను ముందస్తు ఆర్డర్ వైపే ఉంటాను. అనువాద హక్కులకు, అనువాదకులకు అచ్చుకంటే ముందే డబ్బు పెట్టాలి, పైగా మూల రచయిత ఎక్కడో దూరాన ఉంటారు కాబట్టి సభలూ తక్కువే. పెద్ద నవలలూ అంతే, అందులోంచి పది నిమిషాలు వింటే దాని నడక అందదు. ఏడాది చందా కట్టాలంటే ఆ సంస్థవి మూడు పుస్తకాలైనా చదివి ఉండాలి. నేను కడుతున్న ఓ చందాలో ఏడాదికి ఆరు వస్తాయి, రెండు నాకు నచ్చవు. కానీ ఒకటి మాత్రం, నా అంతట నేనైతే చేతిలోకి కూడా తీసుకోనిది, ఏడాదంతా గుర్తుండిపోతుంది.

ఆ శనివారం బల్ల దగ్గర డబ్బు తీసుకుంటున్నాయనే సంస్థ నడిపేది. నవలకు ముందస్తు ఆర్డర్లు ఎలా ఉన్నాయని అడిగాను.

"వంద దాటాయండీ. ఇంకో యాభై వస్తే ఏడొందలు కాదు, వెయ్యి వేద్దామని ఉంది," అన్నారు.

గడువు ఇంకా పదిరోజులుంది. జీతం పడగానే కట్టేశాను. నిన్న వాళ్ల నుంచి కబురు వచ్చింది: నవల అచ్చుకు వెళ్లింది, వెయ్యి కాపీలు.