పిస్టన్ పోర్టు నుంచి రీడ్ వాల్వుకు: టూ స్ట్రోక్ ఇంజను మార్పులపై దీర్ఘకాల సమీక్ష

ఇంజను: గాలితో చల్లబడే 100 సీసీ తరగతి టూ స్ట్రోక్. బోరు 50, స్ట్రోకు 50, కనెక్టింగ్ రాడ్డు 100 మి.మీ. కంపెనీ ఇచ్చినప్పుడు పిస్టన్ పోర్టు రకం, అంటే మిశ్రమం లోపలికి వచ్చే దారిని పిస్టనే తెరిచి మూస్తుంది. ఎగ్జాస్ట్ పోర్టు (కాలిన వాయువు బయటికి పోయే దారి) క్రాంకు తిరిగే 164 డిగ్రీల పాటు, ట్రాన్స్‌ఫర్ పోర్టు (క్రాంక్‌కేసు నుంచి సిలిండరులోకి మిశ్రమం వచ్చే దారి) 120 డిగ్రీల పాటు తెరిచి ఉంటాయి.

మార్పులు అయిదు: రీడ్ వాల్వు (మిశ్రమాన్ని లోపలికే పోనిచ్చే పల్చటి రేకుల వాల్వు), హెడ్డు కోత, ఎగ్జాస్ట్ పోర్టు ఎత్తడం, ఎక్స్‌పాన్షన్ ఛాంబర్ పైపు, వేగాన్ని బట్టి స్పార్కు టైమింగు మార్చే సీడీఐ (ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్). ముందే చెప్పేస్తే, హెడ్డు పనికి పూర్తి మార్కులు. రీడ్‌కు దాదాపు అంతే. పైపుకు షరతులతో. పోర్టు ఎత్తడానికి మాత్రం సగం మార్కులే, అవి కూడా ఉదారంగా వేస్తే.

రీడ్ వాల్వు

పిస్టన్ పోర్టుతో వచ్చే తంటా ఇది: ఇన్‌లెట్ టీడీసీకి (పిస్టన్ పైకి చేరే చివరి స్థానానికి) ఎన్ని డిగ్రీల ముందు తెరుచుకుంటే అన్ని డిగ్రీల తర్వాతే మూసుకుంటుంది. వేగం తక్కువగా ఉన్నప్పుడు, కిందికి దిగుతున్న పిస్టన్ క్రాంక్‌కేసులోకి చేరిన మిశ్రమాన్ని తిరిగి కార్బ్యురేటర్ వైపు నెట్టేస్తుంది. ఆ గాలి జెట్టు (పెట్రోలు వచ్చే సన్న రంధ్రం) మీదుగా వెనక్కి పోతూ ఒకసారి, మళ్లీ లోపలికి వస్తూ మరోసారి పెట్రోలు లాగుతుంది. కింది వేగాల్లో ఫోర్ స్ట్రోకింగ్ (మిశ్రమం చిక్కనై ఒక చుట్టు విడిచి ఒక చుట్టు మండటం), ఎయిర్ ఫిల్టరు తడిసి ఉండటం, థ్రాటిల్ తెరవగానే ఇంజను ఒక్క క్షణం తటపటాయించడం అన్నీ దీని ఫలితాలే. రీడ్ పెట్టాక ఒత్తిడి తిరగబడగానే రేకులు మూసుకుంటాయి. ఈ మార్పు చేతికి వెంటనే తెలుస్తుంది: 3,000 ఆర్‌పీఎం దగ్గర కూడా గేరు తగ్గించకుండానే లాగుతుంది.

రీడ్ బ్లాకు బిగించడం సులువే, పిస్టన్ సంగతే చూసుకోవాలి. ఇన్‌లెట్ ఎక్కువసేపు తెరిచి ఉండాలని స్కర్టును (పిస్టన్ కింది భాగాన్ని) అడ్డంగా కోసేసేవాళ్లు ఉన్నారు. అలా కోస్తే పిస్టన్‌కు బోరులో ఆసరా తగ్గి, ఊగిసలాట పెరిగి, కొన్నాళ్లకే చప్పుడు మొదలవుతుంది. స్కర్టు కింది అంచును అలాగే ఉంచి మధ్యలో కిటికీ తీయడమే సరైన పని. కిటికీ మూలలు కనీసం 3 మి.మీ. వ్యాసార్ధంతో గుండ్రంగా ఉండాలి. మూల పదునుగా ఉంటే స్కర్టు పగులు అక్కడి నుంచే మొదలవుతుంది. కోత అయ్యాక అంచులన్నీ సన్నటి ఎమెరీ కాగితంతో నున్నగా తీయాలి.

రేకుల్లో ఫైబర్ గ్లాస్‌వే మంచివని దీర్ఘ వాడకం చెప్పింది. స్టీలు రేకు చాలాకాలం చెక్కు చెదరదు గానీ, విరిగిన రోజు ముక్క క్రాంక్‌కేసులోకి, అక్కడి నుంచి బోరులోకి వెళ్లి గీతలు పెడుతుంది. ఫైబర్ రేకు అంచులు ముందుగా పీచు లేస్తాయి, మూలలు చిట్లుతాయి. అంటే మార్చమని ముందే చెబుతుంది. బ్లాకు విప్పి వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే రేకుకూ సీటుకూ మధ్య సందు తెలిసిపోతుంది. 0.2 మి.మీ. ఫీలర్ గేజి దూరేంత ఖాళీ వస్తే ఐడిల్ నిలకడగా ఉండదు, చల్లటి ఇంజను స్టార్టు కావడానికి సతాయిస్తుంది. రేకును తిరగేసి వేసుకోవడం తాత్కాలిక చిట్కా, మరమ్మతు కాదు.

రీడ్ వేశాక పాత జెట్లు పనికిరావు. వెనక్కి ఉమ్మడం ఆగింది కాబట్టి కింది, మధ్య వేగాల్లో మిశ్రమం పలచనవుతుంది. మెయిన్ జెట్టును రెండు మూడు సైజులు పెద్దదిగా పెట్టి మొదలుపెట్టి, ఒక్కో సైజు తగ్గించుకుంటూ రావాలి. ఫుల్ థ్రాటిల్‌లో కాసేపు లాగించి, క్లచ్ నొక్కుతూనే ఇగ్నిషన్ ఆపేసి ప్లగ్గు విప్పి చూడాలి. చూడాల్సింది ప్లగ్గు కొనను కాదు, తెల్ల పింగాణీ లోపలి అడుగున ఏర్పడే రంగు వలయాన్ని. మెల్లగా నడుపుకుంటూ వచ్చి ఐడిల్‌లో ఆపిన ప్లగ్గు రంగు దేనికీ ఆధారం కాదు.

హెడ్డు, స్క్విష్

అయిదింటిలో అతి తక్కువ పని, అత్యధిక ఫలితం ఇక్కడే. స్క్విష్ అంటే టీడీసీ దగ్గర పిస్టన్ అంచుకూ హెడ్డు అంచుకూ మధ్య మిగిలే సన్నటి ఖాళీ. ఆ ఖాళీలోని మిశ్రమం వేగంగా మధ్యకు చిమ్ముకొచ్చి మంటను తొందరపెడుతుంది, అంచుల్లో మిగిలింది చల్లటి లోహానికి ఆనుకుని తనంత తాను పేలకుండా ఉంటుంది. ఖాళీ 1.5 మి.మీ. దాటితే ఈ రెండు లాభాలూ పోతాయి. చిమ్మేంత బిగువూ ఉండదు, చల్లారేంత దగ్గరా ఉండదు, మిశ్రమం తనంత తాను పేలే డిటొనేషన్‌కు చోటు దొరుకుతుంది.

కొలిచే పద్ధతి: 1.5 మి.మీ. మందం మెత్తటి సోల్డర్ తీగను ప్లగ్గు రంధ్రంలోంచి బోరు గోడ దాకా పెట్టి, ఇంజనును చేత్తో టీడీసీ దాటించి, నలిగిన చోటును వెర్నియర్‌తో కొలవాలి. తీగ గడ్జన్ పిన్ను (పిస్టన్‌ను రాడ్డుకు కలిపే పిన్ను) దిశలోనే, రెండు వైపులా ఉండాలి. పిన్నుకు అడ్డంగా పెడితే పిస్టన్ వాలిపోయి తప్పుడు కొలత వస్తుంది. ఈ ఇంజనులో 1.2 మి.మీ. వచ్చింది. హెడ్డు ముఖాన్ని లేత్ మీద 0.25 మి.మీ. తీస్తే 0.95 అయింది. ఈ సైజుకు 0.8 కింది హద్దు. అంతకన్నా తగ్గిస్తే బేరింగుల అరుగుదల, రాడ్డు సాగడం, హెడ్డు మీద పేరుకునే మసి కలిసి పిస్టన్‌ను హెడ్డుకు తగిలిస్తాయి.

స్క్విష్ పట్టీ బోరు విస్తీర్ణంలో సగం ఉండాలనుకుంటే 50 మి.మీ. బోరుకు వెడల్పు 7.3 మి.మీ. వస్తుంది. పట్టీ వాలు పిస్టన్ కిరీటం (పై ముఖం) వాలుకు సరిపోవాలి. లోపలికి పోయేకొద్దీ ఒక డిగ్రీ విచ్చుకున్నా ఫర్వాలేదు, ముడుచుకోకూడదు.

ఇక్కడే కంప్రెషన్ లెక్క కూడా చూసుకోవాలి. టూ స్ట్రోకులో పనికొచ్చేది ఎగ్జాస్ట్ మూసుకున్నాక మిగిలిన ఘనపరిమాణంతో వేసే నిష్పత్తే. 164 డిగ్రీల పోర్టుతో ఆ మిగులు 62 సీసీ, హెడ్డు 10.3 సీసీ. రెండూ కలిపి హెడ్డుతో భాగిస్తే నిష్పత్తి 7.0. ముఖం తీయడంతో హెడ్డు 9.8కి తగ్గి నిష్పత్తి 7.3 అవుతుంది. గాలితో చల్లబడే ఇంజనుకు ఇది పై అంచు. పోర్టు ముట్టుకోకపోతే గిన్నె మధ్యలో అర సీసీ తీసి మళ్లీ 10.3కి తెచ్చుకోవడం క్షేమం. హెడ్డు బిగించి, పిస్టన్ అంచుకు గ్రీజు రాసి, టీడీసీలో నిలిపి, బ్యురెట్‌తో నూనె పోసి కొలవాలి. ప్లగ్గు రంధ్రంలో నిలిచిన నూనెను లెక్కలోంచి తీసేయడం మరవకూడదు.

ఎగ్జాస్ట్ పోర్టు

పై అంచును 1.7 మి.మీ. ఎత్తితే 164 కాస్తా 172 డిగ్రీలైంది. ట్రాన్స్‌ఫర్ తెరుచుకునే ముందు కాలిన వాయువు బయటపడే వ్యవధి 22 నుంచి 26 డిగ్రీలకు పెరిగింది. పై వేగాల్లో ఊపిరి బాగా ఆడుతుంది, నిజమే. కానీ మిగులు 58.7 సీసీకి పడిపోయింది. పాత హెడ్డే ఉంటే నిష్పత్తి 6.7కి దిగజారేది. 9.8 సీసీ హెడ్డుతో తిరిగి 7.0 దగ్గర నిలబడింది. అంటే ఈ రెండు పనులూ జంటగా చేయాల్సినవి. హెడ్డు పోయిన నిష్పత్తిని తిరిగి ఇస్తుంది గానీ, కింద పోయిన లాగుడును పూర్తిగా తిరిగివ్వదు. 4,500 లోపు రీడ్ ఇచ్చినదాంట్లో కొంత పోర్టు తినేసింది.

వెడల్పు జోలికి పోయేవాళ్లకు ఒక హద్దు: ఒకే కిటికీ ఉన్న పోర్టు నేరు వెడల్పు బోరులో 62 శాతం, అంటే 31 మి.మీ. దాటకూడదు. దాటితే రింగు బయటికి ఉబ్బి అంచుకు తగులుకుంటుంది. పై, కింది అంచులకు అర మిల్లీమీటరు వాలు తప్పనిసరి. నికాసిల్ (నికెల్, సిలికాన్ కార్బైడ్ కలిసిన గట్టి) పూత ఉన్న సిలిండరులో గ్రైండింగు బోరు వైపు నుంచి పోర్టులోకి సాగాలి, ఎదురు తిప్పితే పూత పెచ్చులూడుతుంది.

పైపు

1950లలో తూర్పు జర్మనీ మోటారు సైకిళ్ల కంపెనీ ఎంజెడ్‌లో ఇంజనీరు వాల్టర్ కాడెన్ పదును పెట్టిన విద్య ఇది. 1961 నాటికి ఆయన 125 సీసీ ఇంజను 25 హార్స్ పవర్ ఇచ్చింది, లీటరుకు 200 లెక్కన. సూత్రం: ఎగ్జాస్ట్ తెరిచినప్పుడు బయల్దేరిన ఒత్తిడి అల మొదటి కోనులో చూషణగా మారి తాజా మిశ్రమాన్ని లాగుతుంది, వెనుక కోనుకు తగిలి తిరిగొచ్చి, బయటికి జారిపోయిన మిశ్రమాన్ని పోర్టు మూసుకునే లోపు వెనక్కి నెడుతుంది.

పొడవు లెక్క: ఎగ్జాస్ట్ డిగ్రీలను 43,200తో గుణించి ఆర్‌పీఎంతో భాగిస్తే మిల్లీమీటర్లలో వస్తుంది. పిస్టన్ ముఖం నుంచి వెనుక కోను నడిమి దాకా కొలత. అల వేగం సెకనుకు 518 మీటర్లనే అంచనా ఇందులో ఇమిడి ఉంది. 172 డిగ్రీలకు, 7,500కు 991 మి.మీ.; 7,000కు 1,061. రోడ్డు మీద నడిచేదానికి పొడుగుదే మేలు, కోనులు మరీ నిటారుగా లేనిదే మేలు. నిటారు వెనుక కోను శిఖరాన్ని పెంచుతుంది గానీ, శిఖరం దాటిన మరుక్షణం ఇంజను చచ్చుబడుతుంది.

ఎక్కువ ఇంజన్లను తినేది చివరి సన్న గొట్టం. హెడర్ (సిలిండరుకు తగిలే మొదటి గొట్టం) లోవ్యాసం 36 మి.మీ. అయితే గొట్టం 21 నుంచి 22 మి.మీ., పొడవు దానికి 12 రెట్లు. చప్పుడు తగ్గుతుందని దీన్ని సన్నం చేస్తే పైపులో ఒత్తిడి నిలిచి, వేడి పిస్టన్‌కు ఎక్కి కిరీటానికి చిల్లు పడుతుంది. ఎవరూ సన్నం చేయకపోయినా మసి చేస్తుంది. 21.5 మి.మీ. గొట్టం గోడకు చుట్టూ అర మి.మీ. మసి పడితే దారి 9 శాతం తగ్గినట్టే. కారణం లేకుండా ఇంజను వేడెక్కుతోందంటే కార్బ్యురేటర్ కంటే ముందు ఇక్కడ చూడాలి. పైపును హెడర్ దగ్గర స్ప్రింగులతో, వెనుక రబ్బరు మీద కట్టాలి. బోల్టులతో గట్టిగా బిగించిన పైపు వెల్డింగు పక్కనే పగులుతుంది.

టైమింగు, నూనె, సీళ్లు

సీడీఐలో 18 డిగ్రీలు పెట్టి, 7,000 దాటాక 14కు తగ్గనివ్వడం సరిపోయింది. ఈ స్ట్రోకుకు 18 డిగ్రీలంటే టీడీసీకి 1.52 మి.మీ. ముందు, డయల్ గేజితో సరిచూసుకోవచ్చు. పైన టైమింగు తగ్గితే కొంత వేడి పైపులోకి వెళ్లి అల వేగం పెరుగుతుంది, శిఖరం తర్వాత లాగుడు ఇంకాస్త సాగుతుంది.

నూనె 32:1, అంటే లీటరుకు 31 మి.లీ., జాసో (జపాన్ నూనె ప్రమాణం) ఎఫ్‌డీ తరగతి. నూనె పెంచితే అదే జెట్టులోంచి వచ్చే పెట్రోలు ఆ మేరకు తగ్గుతుంది కాబట్టి, పాళ్లు మార్చిన ప్రతిసారీ ప్లగ్గు చూడాలి.

ఏ మార్పుకైనా ముందు క్రాంక్‌కేసును 0.4 బార్ గాలితో నింపి అయిదు నిమిషాలు ఆగాలి. గేజి ముల్లు దిగితే సబ్బునీళ్లతో వెతకాలి. మాగ్నెటో వైపు సీలు పోతే బయటి గాలి లోపలికి చేరి మిశ్రమం పలచనై పిస్టన్ పట్టేస్తుంది. గేర్‌బాక్సు వైపు సీలు పోతే గేరు నూనె కాలి తెల్ల పొగ వస్తుంది. కారే సీలుతో ఎంత జెట్టింగు చేసినా వృథా.

ఈ మార్పులేవీ తీర్చనిది ఒకటుంది. ట్రాన్స్‌ఫర్, ఎగ్జాస్ట్ రెండూ ఒకేసారి తెరిచి ఉన్నంతకాలం కార్బ్యురేటర్ కలిపిన పెట్రోలులో కొంత కాలకుండానే బయటికి పోతుంది. పైపు దాన్ని వెనక్కి నెట్టేది తన పరిధిలోనే, అంటే 6,000 పైన. కింద అదే పైపు తప్పుడు సమయానికి అలను పంపి ఖర్చు పెంచుతుంది కూడా. ఎగ్జాస్ట్ మూసుకున్నాక పెట్రోలు చల్లే డైరెక్ట్ ఇంజెక్షన్ ఒక్కటే దీనికి అసలు మందు, అది సులువుగా బిగించుకునే వస్తువు కాదు. రోజంతా 4,000 చుట్టూ తిరిగే ఇంజనుకైతే పోర్టునూ సైలెన్సరునూ కంపెనీ ఇచ్చినట్టే వదిలేసి, రీడ్ వేసి, స్క్విష్‌ను 0.95కు తెచ్చి, హెడ్డును 10.3 సీసీ దగ్గర ఆపాలి.