850 రూపాయలకు మా పికప్ డీజిల్ ముల్లు సరిచేసిన ఆటోనగర్ షెడ్డు

విజయవాడ జవహర్ ఆటోనగర్‌లో నూరడుగుల రోడ్డు నుంచి ఒక సందులోకి తిరిగితే, రేడియేటర్లు అతికే షాపు పక్కన రేకుల షెడ్డు ఒకటి ఉంది. బోర్డు లేదు. గుమ్మానికి పాత హారన్లు దండలా వేలాడుతుంటాయి, అదే గుర్తు. లోపల ఉండే మేస్త్రి గారికి అరవై దాటి ఉంటాయి. వైరింగు, డైనమో, సెల్ఫ్ మోటారు, మీటర్లు చూస్తారు. ఇంజను జోలికి పోరు. మే నెలలో మా బండి డీజిల్ ముల్లు బాగుచేసింది ఈయనే. అంతకు ముందు ఆ ముల్లు మీద నేను 2,600 రూపాయలు, ఒక రాత్రి నిద్ర, ఒక లోడు పరువు పోగొట్టుకుని ఉన్నాను కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను.

నాది ఎనిమిదేళ్ల పికప్. నూజివీడు చుట్టుపక్కల తోటల నుంచి నున్న మార్కెట్‌కు మామిడికాయ తోలుతాను. సీజను కాని రోజుల్లో దాణా, కూరగాయలు, ఏది దొరికితే అది. ట్యాంకు 60 లీటర్లు. రెండేళ్లుగా ట్యాంకు నిండా పోయించినా ముల్లు ముప్పావు దగ్గరే ఆగేది. అలాగే ఎర్ర గీత తాకాక కూడా లోపల పదిహేను లీటర్ల దాకా మిగిలి ఉండేది. మా ఇంట్లో గోడ గడియారం పది నిమిషాలు ముందుకు పెట్టుకున్నట్టే, దీనికీ అలవాటు పడిపోయాను. తక్కువ చూపించే ముల్లు వల్ల ఎవరూ దారిలో ఆగిపోరు. దాన్ని అలాగే వదిలేయాల్సింది.

సీజను ముందు అన్నీ సరిచేసుకుందామన్న బుద్ధి పుట్టి వేరే చోట ఒక షాపులో చూపించాను. అది ఎవరిదో, ఎక్కడిదో రాయను. అక్కడి కుర్రవాడు అయిదు నిమిషాలు చూసి, ట్యాంకులో ఫ్లోటు యూనిట్ (డీజిల్ మీద తేలుతూ, ఎంత ఉందో మీటరుకు చెప్పే భాగం) పోయింది, కొత్తది వేయాలి అన్నాడు. యూనిట్ 1,900, కూలి 700. వేశాక ట్యాంకు నింపి చూస్తే ముల్లు మళ్లీ ముప్పావు దగ్గరే. ఇదేమిటని అడిగితే, "కొత్తది కదా అన్నా, నాలుగు రోజులు పోతే సర్దుకుంటుంది" అన్నాడు. చెప్పులు సర్దుకుంటాయి గానీ ఫ్లోటు ఎలా సర్దుకుంటుందో నాకు అప్పుడే తట్టాల్సింది.

రెండు వారాలకు, రాత్రి తొమ్మిదిన్నరప్పుడు, బంగినపల్లి లోడుతో ఆగిరిపల్లి దాటాక బండి రెండు సార్లు వణికి ఆగిపోయింది. ముల్లు పావు మీద ఉంది. పావు అంటే, పాత లెక్క ప్రకారం, నాకు ధీమా. ఫ్యూజులు చూశాను, బ్యాటరీ చూశాను. ట్యాంకులోకి పుల్ల పెట్టి చూసేసరికి గంట గడిచింది. పుల్ల పొడిగా వచ్చింది. మా బావమరిది క్యానులో అయిదు లీటర్లు తెచ్చాడు. డీజిల్ బండి కదా, పోసినంత మాత్రాన స్టార్ట్ కాదు. ఫిల్టరు దగ్గర స్క్రూ వదులు చేసి, పైనున్న చేతి పంపు నొక్కుతూ, బుడగలు ఆగేదాకా గాలి తీయాలి. ఫోను దీపం వెలుగులో అది చేసేసరికి చేతుల నిండా డీజిల్, దోమలు, వెనక కాయ యజమాని ఫోన్లు. ట్యాంకు అడుగున ఉన్న మడ్డి లాక్కుని ఫిల్టరు కూడా పోయింది. అది వేరే ఖర్చు.

రెండు రోజుల తరవాత మేస్త్రి గారి దగ్గరికి వెళ్లాను. కథ మొత్తం విని ఆయన అడిగిన మొదటి ప్రశ్న, "పాత యూనిట్ ఏం చేశావు?" అని. సీటు కింద గోనె సంచిలో ఉంది బాబాయ్ అన్నాను. "పారేయలేదు కదా, సంతోషం" అని బండి కిందికి దూరారు.

ఆయన పని చేసిన వరుస నాకు బాగా నచ్చింది. దేన్నీ విప్పలేదు ముందు. ట్యాంకు మీద యూనిట్‌కు వచ్చే ప్లగ్గు పీకి, నన్ను తాళం తిప్పమన్నారు. ముల్లు ఎర్ర గీత కిందికి పడిపోయింది. తరవాత ఆ ప్లగ్గులో మీటరుకు వెళ్లే సిగ్నల్ వైరును రెండు క్షణాలు ఛాసిస్‌కు, అంటే బండి ఇనుప చట్రానికి, తాకించారు. ముల్లు మెల్లగా నిండు గీతకు ఎక్కడం మొదలుపెట్టింది. మీటరుకు, అక్కడిదాకా వచ్చే వైరుకు రోగం లేదని తేలిపోయింది. మా బండి యూనిట్‌లో ఫ్లోటు పైన ఉంటే నాలుగైదు ఓమ్‌లు (కరెంటుకు తగిలే అడ్డును కొలిచే లెక్క), అడుగుకు వస్తే వంద దాటుతుంది. కొన్ని బండ్లలో ఈ లెక్క తలకిందులుగా ఉంటుందట, అందుకని ఏ బండికైనా ముందు ఇది తెలుసుకోవాలన్నారు.

తరవాత ప్లగ్గు తిరిగి పెట్టి, ఒక వైరు ముక్కతో యూనిట్ పైమూత పళ్లేన్ని నేరుగా బ్యాటరీ నెగెటివ్‌కు కలిపారు. పావు మీద ఉన్న ముల్లు లేచి దాదాపు సగానికి వచ్చి నిలబడింది. ట్యాంకులో ఉన్నది ఎనిమిది లీటర్లు, నేను పోయించిందే. ఆయన నవ్వారు. నాకు మాత్రం కాళ్లు చల్లబడ్డాయి.

జరిగింది ఇది. మొదటి నుంచీ ఉన్న జబ్బు ఎర్త్ వైరుది, అంటే యూనిట్‌ను ఛాసిస్‌కు కలిపే వైరుది. ఛాసిస్‌కు బిగించిన చోట బోల్టు కింద బురద చేరి తుప్పు పట్టింది. మల్టీమీటరు పెడితే 22 ఓమ్‌లు చూపించింది. ఆ 22 ఓమ్‌లు యూనిట్ లెక్కకు కలిసి, మీటరుకు డీజిల్ తక్కువగా కనిపించేది. పాత యూనిట్ శుభ్రంగానే ఉంది. దాన్ని తీసి కుర్రవాడు వేసిన కొత్తది మరో మోడల్‌ది. దాని ఫ్లోటు కాడ పొడవు ఎక్కువై, ట్యాంకు లోపలి అడ్డు రేకుకు తగులుకుని సగం నుంచి కిందికి దిగడం లేదు. అంటే ఎర్త్ ముల్లును కిందికి లాగుతుంటే, ఫ్లోటు పైనే పట్టుకుని ఉంది. రెండు తప్పులూ కలిసి నాకు పావు చూపించాయి. ఎర్త్ ఒక్కటే బాగుచేసి పంపించి ఉంటే, ఈసారి సగం ట్యాంకు ఉందనుకుంటూ ఆగిపోయేవాణ్ని.

బ్యాటరీ వైరు తీసేసి, డీజిల్ క్యానులోకి లాగి, పట్టీలు వదిలి ట్యాంకు కిందికి దించారు. పక్క షాపు మనిషి బీడీతో వస్తే అదిలించి పంపేశారు. పాత యూనిట్ కాడను చేత్తో పైకీ కిందికీ ఆడిస్తూ మల్టీమీటరులో అంకెలు ఎక్కడైనా గంతు వేస్తున్నాయేమో చూసి, దాన్నే తిరిగి బిగించారు. ఎర్త్ చోట ఉప్పుకాగితంతో ఇనుము మెరిసేదాకా రుద్ది, వైరు కొసకు కొత్త లగ్గు (బోల్టుకు బిగించే కొస) వేసి, పళ్ల వాషరు పెట్టి, పైన గ్రీజు పూశారు. ఇప్పుడు అర ఓమ్ కూడా లేదు.

అక్కడితో వదలలేదు. బండిని చదునుగా ఉన్న చోట నిలిపి, మీటరు అద్దం మీద కాగితపు టేపు అంటించి, అయిదు లీటర్ల చొప్పున పోస్తూ ముల్లు ఆగిన చోటల్లా పెన్నుతో గీత పెట్టించారు. పోసిన ప్రతిసారీ ఒక నిమిషం ఆగమన్నారు. గతుకుల్లో ముల్లు ఎగిరెగిరి పడకుండా ఉండేందుకు దాన్ని నెమ్మదిగా కదిలేలా చేస్తారట. ముప్పై లీటర్లు పోసేసరికి, ముల్లు సగం గీత మీద సరిగ్గా కూర్చుంది. ఆ టేపు ఇంకా పీకలేదు.

మొత్తం 850 తీసుకున్నారు. కొత్త సామాను అమ్మే అవకాశం ఉండి కూడా అమ్మని మనిషి.

లోటు లేదా అంటే ఉంది. యూనిట్ కింది రబ్బరు రింగు పాతదే వేశారు. మూడో రోజు ట్యాంకు నింపగానే మూత చుట్టూ డీజిల్ చెమర్చి, క్యాబిన్ అంతా వాసన. కాయకు ఆ వాసన అంటితే కొనేవాడు ఉండడు. మళ్లీ వెళితే తన తప్పే అని ఒప్పుకుని రింగు మార్చారు, డబ్బు తీసుకోలేదు. కానీ నాకు సగం రోజు పోయింది. బిల్లు ఇవ్వరు. ఫోను ఎత్తరు. ఎంతసేపు పడుతుందని అడిగితే "పని అయ్యేదాకా" అంటారు. నాకు ఉదయం తొమ్మిదికి మొదలై సాయంత్రం నాలుగైంది. అందులో మధ్యాహ్నం ఒంటి గంట నుంచి మూడు దాకా ఆయన షెడ్డు వెనక మంచం మీద ఉన్నారు, నా ట్యాంకు బయట ఎండలో ఉంది.

వెళ్లేవారు ట్యాంకులో పది లీటర్లకు మించి లేకుండా చూసుకోండి. నిండు ట్యాంకు దించేందుకు ఆయన ఒప్పుకోరు, తిరిగి పంపేస్తారు. ఎవరైనా ఇంతకు ముందు ఏదైనా విప్పి మార్చి ఉంటే, ఆ పాత సామాను కూడా వెంట తీసుకెళ్లండి.