‘పెద్దల ప్రత్యేక అరకు ప్యాకేజీ’: అడ్వాన్స్ కొట్టే ముందు ఇది చదవండి

కార్తీకమాసం వస్తే చాలు, వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే ఆ పోస్టర్ మీకూ వచ్చే ఉంటుంది. పచ్చటి వలిసె పూల మధ్య నవ్వుతున్న తాతగారు, బామ్మగారు, కింద ‘హడావుడి లేని ప్రయాణం, అరవై దాటినవారికి మాత్రమే’ అని. ఆ పోస్టర్ వేసిన టూర్ ఏజెంట్ దగ్గరే బుక్ చేశాం. నిన్న రాత్రే ఇంటికొచ్చాం. ఇంకా ఒళ్లు మండుతూనే ఉంది.

మా నాన్నగారి వాకింగ్ బ్యాచ్, వాళ్ల ఇంటావిడలు, తోడుగా నేను. అందరూ డెబ్భైకి అటూ ఇటూ ఉన్నవాళ్లే. అడిగినవి రెండే: విశాఖ నుంచి అరకు మీదుగా వెళ్లే కిరండూల్ రైల్లో అద్దాల బోగీ, కింది అంతస్తులో గదులు. ‘ష్యూర్ మేడం’ అన్నాడు. గదులకు అదనంగా కూడా తీసుకున్నాడు. పైగా రైల్లో సీనియర్ సిటిజన్ రాయితీ ఇప్పిస్తాడట! రైల్వే ఆ రాయితీ ఆపేసింది 2020 మార్చిలో. అక్కడే పట్టుకోవాల్సింది, నా తెలివి తెల్లారినట్టే ఉంది.

బయల్దేరే ముందు రాత్రి మెసేజ్: ‘టికెట్లు కన్ఫర్మ్ కాలేదు, టెంపో ట్రావెలర్ పంపిస్తున్నా’. వెయిటింగ్ లిస్టులో మిగిలిపోయిన ఈ-టికెట్లు చార్ట్ పడ్డాక వాటంతటవే రద్దయి, డబ్బు బుక్ చేసినవాళ్ల ఖాతాకే వెనక్కి పోతుంది. అంటే మా డబ్బు క్షేమంగా ఇల్లు చేరింది, ఆయన ఇల్లు. సొరంగాలు లెక్కపెడదామని ఉబలాటపడ్డ మా వాళ్లు మాత్రం అనంతగిరి ఘాట్ మలుపుల్లో ప్లాస్టిక్ కవర్లు నోటి దగ్గర పట్టుకుని కూర్చున్నారు.

సరే, అదీ భరించాం. అరకులో లాడ్జి ముందు దిగాం. గదులన్నీ రెండో అంతస్తులో. లిఫ్ట్ లేదు. మెట్లు ఇరుకు, ఒకవైపు గోడ, రెండోవైపు పట్టుకోవడానికి కమ్మీ కూడా లేదు. మోకాలి మార్పిడి అయిన టీచర్ గారు ఆ మెట్ల కేసి ఒకసారి చూసి, ఏమీ అనకుండా చెప్పులు విప్పి చేత్తో పట్టుకున్నారు, చేతులూ కాళ్లూ ఆన్చి ఎక్కడానికి. నేనే ఆపి కుర్చీలో కూర్చోబెట్టాను.

ఫోన్ నాన్నగారే చేశారు, స్పీకర్ పెట్టి. ‘బాబూ, కింద గదులన్నారు కదా’ అని ఎంతో మెత్తగా అడిగారు. అవతల్నుంచి జవాబు యథాతథంగా రాస్తున్నా: ‘మెట్లెక్కలేనివాళ్లని ఇంట్లో కూర్చోబెట్టుకోవాలండీ, టూర్లకి తీసుకొస్తే ఎలా? మీవాళ్లకేమైనా అయితే నా మీదకొస్తుంది.’ చుట్టూ అందరూ విన్నారు. పెట్టెలు పట్టుకుని నిలబడ్డవాళ్లలో ఒక్కరూ మాట్లాడలేదు. నాన్నగారు ఫోన్ నా చేతికిచ్చి, పక్కకెళ్లి కళ్లజోడు తుడుచుకున్నారు. ‘అరవై దాటినవారికి మాత్రమే’ అని పోస్టర్ వేసుకున్న మనిషి అన్న మాట అది!

లాడ్జి మేనేజర్ని అంటే ఏం లాభం? ‘మాకు కింద గదులని చెప్పనే లేదమ్మా, సగం డబ్బే వచ్చింది’ అన్నాడు పాపం. అయినా స్టాఫ్ పడుకునే గది ఖాళీ చేయించి టీచర్ గారికిచ్చాడు.

బొర్రా గుహల్లో ‘అంతా చదునే, నడక కూడా ఉండదు’ అన్నాడు ఈ మహానుభావుడు. లోపలికి వందల మెట్లు దిగాలి, మళ్లీ ఎక్కాలి. మా వాళ్లలో చాలామంది గేటు దగ్గరే కూర్చుని బొంగు చికెన్ వాసన చూసి వెనక్కొచ్చారు. కార్తీకమాసం కదా, తినేదీ లేదు.

ఇప్పుడు మనిషికి ఐదొందలు వెనక్కిస్తాడట, ‘రివ్యూ మాత్రం పెట్టకండి మేడం’ అని. డబ్బంతా ఆయన సొంత నంబర్‌కి కొట్టాం, బిల్లు లేదు. స్క్రీన్‌షాట్లు పెట్టి కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు చేశాను. అందుకే పేరు ఇక్కడ రాయడం లేదు. ఆ పోస్టర్ చూస్తే మీరే గుర్తుపడతారు.

పెద్దవాళ్లని పంపేవాళ్లు రైలు టికెట్లు మీరే తీసుకోండి, కనీసం పీఎన్ఆర్ అడిగి మీరే చూసుకోండి. లాడ్జికి నేరుగా ఫోన్ చేసి గది ఏ అంతస్తో కనుక్కోండి. బ్యాలెన్స్ గది తాళం చేతికొచ్చాకే ఇవ్వండి, ముందే కావాలంటే వేరేవాళ్లని చూసుకోండి.