చార్లెస్టన్‌లో మూడు రోజులు: కోట కంటే ముందు వేలం శాల చూడండి

లాంగ్ వీకెండ్ కదా అని నార్త్ కరోలినాలోని షార్లెట్ నుంచి కారులో బయల్దేరాం, నేను, మా ఆవిడ, ఎనిమిదో క్లాసు చదివే మావాడు. దారి మూడున్నర గంటలు. వాడికి స్కూల్లో సివిల్ వార్ (అమెరికా ఉత్తరాది, దక్షిణాది రాష్ట్రాల మధ్య జరిగిన అంతర్యుద్ధం) పాఠం నడుస్తోంది, యుద్ధం మొదలైన చోటే చూపిద్దామని సౌత్ కరోలినాలోని ఈ ఊరు పట్టుకున్నాం.

మేం చేసిన పొరపాటు ముందే చెప్తా, మీరు చేయకండి. మొదటి రోజే సమ్టర్ కోటకి వెళ్లిపోయాం. డౌన్‌టౌన్‌లో బోటు ఎక్కితే అరగంట ప్రయాణం, కోటలో గంట మాత్రమే ఉండనిస్తారు, టికెట్లు ముందే ఆన్‌లైన్‌లో కొనుక్కోవడం మంచిది. ఓడరేవు ముఖద్వారంలో నీళ్ల మధ్య రాళ్లు పోసి కట్టిన కోట, గాలి బాగుంది, ఫిరంగులు బాగున్నాయి, ఫొటోలు ఇంకా బాగొచ్చాయి. 1861 ఏప్రిల్ 12 తెల్లవారుజామున నాలుగున్నరకి, కేంద్ర ప్రభుత్వ సైన్యం ఉన్న దీని మీద దక్షిణాదివాళ్ల మొదటి గుండు పడింది. 34 గంటల కాల్పుల్లో ఒక్కరూ చావలేదట, లొంగిపోయాక జెండాకి ఫిరంగులతో వందనం చేస్తుంటే పేలుడు జరిగి ఒక సైనికుడు పోయాడు. ఆ తర్వాతి నాలుగేళ్లలో పోయినవాళ్లు ఆరు లక్షల పైమాటే. ఇవన్నీ విన్నాం, కానీ ఎందుకు కొట్టుకున్నారన్నది మాత్రం మావాడికి ఎక్కలేదు. పైగా తిరుగు బోటులో పక్కనున్న పెద్దాయన "బాబూ, అది రాష్ట్రాల హక్కుల కోసం జరిగిన యుద్ధం" అని తీరిగ్గా పాఠం చెప్పాడు.

దానికి జవాబు మర్నాడు దొరికింది. చామర్స్ వీధిలో ఓల్డ్ స్లేవ్ మార్ట్ మ్యూజియం అని చిన్న భవనం ఉంది. ఊళ్లో వీధుల్లోనే బహిరంగంగా మనుషుల్ని వేలం వేసేవాళ్లు, 1856లో నగరం దాన్ని నిషేధించింది. అమ్మకం ఆగిందా అంటే లేదు, గోడల మధ్యకి మారింది అంతే, 1863 దాకా ఇక్కడ సాగింది. లోపల ఎక్కువగా చదవాల్సిన బోర్డులే, చిన్నపిల్లలకి విసుగొస్తుంది, గంటన్నర చాలు. కానీ ఏ వయసువాడికి, ఏ పని వచ్చినవాడికి ఎంత ధర పలికేదో చదువుతుంటే మావాడు "నాకెంత వచ్చేది నాన్నా" అన్నాడు. నేనేం మాట్లాడలేదు.

యుద్ధానికి ముందు ఈ రాష్ట్ర జనాభాలో సగానికి పైగా, సుమారు 57 శాతం, బానిసలు. దేశం మొత్తం మీద దాదాపు 40 లక్షలు. గొడవ పడమటి కొత్త భూముల దగ్గర ముదిరింది: అక్కడ బానిసత్వం ఉండాలా వద్దా, సెనేట్‌లో ఎవరి బలం ఎక్కువ అని. 1820లో ఇక్కడికి ఉత్తరాన బానిసత్వం వద్దని మ్యాపు మీద గీత గీసి సర్దారు, 1854లో ఆ గీత చెరిపారు, ఆ కొత్త భూముల్లో ఒకటైన కాన్సాస్‌లో రక్తం పారింది. 1860లో అధ్యక్ష పదవికి నిలబడ్డ లింకన్ బానిసత్వాన్ని ఉన్నచోట తీసేస్తానని కూడా అనలేదు, కొత్తచోట్లకి పాకనివ్వనన్నాడు. ఆయన గెలిచిన నెలన్నరకే, 1860 డిసెంబర్ 20న, ఈ ఊళ్లోనే 169 ఓట్లు, వ్యతిరేకంగా సున్నా, విడిపోతున్నామని తీర్మానించేశారు. కారణాలు రాసిన పత్రం చదవండి, ఫిర్యాదు ఏమిటంటే ఉత్తరాది రాష్ట్రాలు పారిపోయిన బానిసల్ని తిరిగి అప్పగించకుండా సొంత చట్టాలు చేసుకుంటున్నాయని! అంటే పక్క రాష్ట్రాలు తమ హక్కు వాడుకుంటున్నాయనే వీళ్ల ఏడుపు. బోటు పెద్దాయన మళ్లీ కనిపిస్తే బాగుండేది.

ఇంటర్నేషనల్ ఆఫ్రికన్ అమెరికన్ మ్యూజియం 2023లో తెరిచారు, బానిసల ఓడలు ఆగిన గాడ్స్‌డెన్ రేవు మీదే. భవనం స్తంభాల మీద పైకి ఉంటుంది, కింద నేల మీద ఓడలో మనుషుల్ని పేర్చినట్టు ఆకారాలు, వాటి మీద నీళ్లు. ఈ ఒక్కదానికే సగం రోజు పెట్టుకోండి. బోటు రేవు పక్కనే, కాబట్టి ముందు ఇది, తర్వాత కోట అని ప్లాన్ చేసుకుంటే సరిగ్గా సరిపోతుంది.

బానిసలతో సాగు చేయించిన పాత తోటల (ప్లాంటేషన్ల) దగ్గర జాగ్రత్త. ఒక పేరున్న ప్లాంటేషన్‌లో (పేరు వద్దులెండి) గైడమ్మ నలభై నిమిషాలు షాండ్లియర్లు, పింగాణీ గురించే చెప్పింది, బానిసల్ని "పనివాళ్లు" అంది. అక్కడ కట్టిన టికెట్ డబ్బులకి ఇప్పటికీ ప్రాణం ఉసూరుమంటోంది. దానికి బదులు జేమ్స్ ఐలాండ్‌లో మెక్‌లౌడ్ ప్లాంటేషన్‌కి వెళ్లండి. టూర్ అంతా అక్కడ బతికిన బానిసల కథే. వరసగా చెక్క గుడిసెలు, ఒక్కో గదిలో ఒక్కో కుటుంబం.

నన్ను అన్నిటికంటే పట్టేసింది వరి. ఈ తీరం సంపదకి పునాది వరే, ఆ సాగు తెలిసిన పశ్చిమాఫ్రికా మనుషులే దాన్ని పండించారు. రోట్లో పోసి రోకళ్లతో దంచేవాళ్లు, గడ్డితో అల్లిన వెడల్పు బుట్టలో తూర్పారబట్టేవాళ్లు. అచ్చం మా అమ్మమ్మ చేటే! కోనసీమలో పుట్టినవాడికి ఆ బొమ్మలు చూస్తే కాళ్లు కదలవు. సిటీ మార్కెట్‌లో గల్లా (Gullah, ఈ తీరంలోని ఆ బానిసల వారసులు) ఆడవాళ్లు ఇప్పటికీ ఆ అల్లికతో బుట్టలు అమ్ముతారు. ధర ఎక్కువే, కానీ బేరమాడకండి, ఒక్కోదానికి రోజులు పడుతుంది. అన్నట్టు, యుద్ధంతో దక్షిణాది పత్తి ఆగిపోయాక ఇంగ్లాండ్ మిల్లులు ఇండియా పత్తి మీద పడ్డాయి, మన కాకినాడ రేవుకీ ఆ గిరాకీ తగిలింది.

బస నార్త్ చార్లెస్టన్‌లో. డౌన్‌టౌన్ రేట్లలో సగం, ఏసీ మాత్రం రాత్రంతా ట్రాక్టర్‌లా మోగింది, బ్రేక్‌ఫస్ట్‌లో శాకాహారులకి అరటిపండే గతి. పార్కింగ్ గరాజ్‌లో పెట్టి నడవడం నయం. రెడ్ రైస్‌లో (టమాటాతో వండే ఇక్కడి అన్నం) సాసేజ్ అనే మాంసం ఉంటుంది, అడిగి తీసుకోండి. వేపుడు బెండకాయ, ఉడకబెట్టిన వేరుశనక్కాయలు దొరికాయి, మా ఆవిడకి పండగ.

కరోలినా గోల్డ్ బియ్యం ఒక చిన్న సంచి కొన్నాం, బాస్మతికి నాలుగింతల ధర. పప్పులోకి బాగానే ఉంది.